ఏ మెథడ్‌నీ ఒంటరిగా నడవనివ్వకండి

చిట్టీ ఖాతాకి ఒక క్లాసు రాశారనుకుందాం. వాయిదా కట్టడానికి ఒక మెథడ్, పాట పాడడానికి ఒకటి, డివిడెండ్ పంచడానికి ఒకటి, ష్యూరిటీ కాగితాలు చూపించడానికి ఒకటి, నామినీ పేరు మార్చడానికి ఒకటి. అన్నిటిలోనూ మొదటి లైను ఒకటే: అడుగుతున్నది ఆ ఖాతా సభ్యుడేనా, చిట్టీ ఇంకా నడుస్తోందా అని చూడటం. ఐదింటికీ ఆ లైను ఉంది. ఆరోది, ఖాతా స్టేట్‌మెంట్ పంపేది, రిలీజ్ ముందు రోజు సాయంత్రం హడావిడిగా వచ్చి చేరుతుంది. దానికి ఆ లైను ఉండదు. రివ్యూ చేసేవాళ్ళు ఉన్న లైన్లు చదువుతారు, లేని లైను ఎవరు చదవగలరు? టెస్టులన్నీ పాసవుతాయి. ఎప్పుడో ఒకరోజు ఒకరి స్టేట్‌మెంట్ ఇంకొకరి ఫోన్లో తెరుచుకుంటుంది.

ఇది అరుదైన జబ్బు కాదు. వెబ్ అప్లికేషన్ల భద్రతా లోపాలకు ఓవాస్ప్ వాళ్ళు వేసే పట్టికలో, ఎవరికి ఏది చూసే హక్కుందో సరిగ్గా అడగకపోవడం 2017లో ఐదో స్థానంలో ఉంటే 2021లో మొదటి స్థానానికి ఎక్కింది.

నాకు తెలిసిన మందు ఒక్కటే. ఆ లైనుని మనిషి చేతిలోంచి లాగేసుకోవాలి. ఆ క్లాసులో ఏ మెథడ్‌ని పిలిచినా, రాసినవాళ్ళకి గుర్తున్నా లేకపోయినా, తనిఖీ దానంతటదే ముందుగా నడవాలి. చాలామంది దీన్ని సగం ఒప్పుకుంటారు. కొన్నిటికి పెట్టండి, కొన్నిటికి వద్దు, మరీ కనపడకుండా చేయకండి అంటారు. ఆ సగం ఒప్పుకోలే కొంప ముంచుతుంది. నేను చెప్పబోయేవి పూర్తిగా ఒప్పుకున్నవాళ్ళ కోసం.

ముందుగా, మెథడ్లలో చేత్తో రాసి ఉన్న తనిఖీ లైన్లన్నీ తీసేయండి. ఆటోమేటిక్‌ది వచ్చాక తీద్దాంలే అనుకోవద్దు. ఆ లైను కళ్ళెదుట ఉన్నంతకాలం కొత్తగా రాసేవాళ్ళు దాన్నే కాపీ కొడతారు, కాపీ కొట్టే చోటే మరుపు పుడుతుంది. పాతది తీసిన రోజుకీ కొత్తది వచ్చే రోజుకీ మధ్య ఖాతాలకి కాపలా ఉండదు కదా అని అడుగుతారు. ఉండదు. ఆ భయమే ఆ వారంలో మీ చేత పని పూర్తి చేయిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకున్న టీములు ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవడం నేను చూశాను, ఏది నిజంగా కాపలా కాస్తోందో వాళ్ళకే తెలియకుండా.

తిరుమల కొండెక్కే బండ్లన్నిటినీ అలిపిరి దగ్గర ఆపి చూస్తారు. కింద చూశారన్న నమ్మకంతోనే పైన ప్రతి సత్రం ముందూ, ప్రతి పార్కింగ్ దగ్గరా మళ్ళీ డిక్కీ తెరిపించరు. క్లాసుకి కావలసింది అలిపిరి. అయితే శ్రీవారి మెట్టు దారిన నడిచి ఎక్కేవాళ్ళకి అలిపిరి తగలదు. మీ క్లాసులోకీ అలాంటి దారులుంటాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఈ ఆలోచన నిన్నా మొన్నటిది కాదు. 1966లో ఎంఐటీలో వారెన్ టైటెల్‌మన్ తన పరిశోధనలో, రాసి ఉన్న ప్రొసీజర్‌ని ముట్టుకోకుండా దాని వాకిట్లో వేరే కోడ్‌ని నిలబెట్టే ఏర్పాటు చేశాడు. కామన్ లిస్ప్ ఆబ్జెక్ట్ వ్యవస్థలో బిఫోర్, ఆఫ్టర్, అరౌండ్ అని మెథడ్లకే రకాలున్నాయి. గ్రెగర్ కిజాలెస్, జిరాక్స్ పార్క్‌లోని ఆయన బృందం 1997లో ఆస్పెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అని పేరు పెట్టి దీన్ని ఒక సిద్ధాంతంగా నిలబెట్టారు. ఇంత వంశవృక్షం ఉన్న పనిని ఈరోజుకీ కోడ్ రివ్యూలో మాయాజాలం అని కొట్టిపారేస్తున్నారు.

రూబీలో ఈ పని చాలా శుభ్రంగా కుదురుతుంది. క్లాసులో మెథడ్ నిర్వచించిన ప్రతిసారీ రూబీ మెథడ్ యాడెడ్ అనే హుక్‌ని పిలిచి కొత్త మెథడ్ పేరు అందిస్తుంది. ఆ పేరు పట్టుకుని, అసలు మెథడ్‌కి ఒక మారుపేరు పెట్టి, పాత పేరుతో దాని మీద తొడుగులా కొత్తది రాసి, అందులో ముందు తనిఖీ, ఆ తర్వాత మారుపేరుని పిలవడం పాత పద్ధతి. ఇందులో ఒక గొయ్యి ఉంది. హుక్ లోపల కొత్త మెథడ్ నిర్వచించగానే దానికీ హుక్ నడుస్తుంది, అందులో మళ్ళీ నిర్వచనం, మళ్ళీ హుక్. స్టాక్ నిండి ప్రోగ్రామ్ కూలుతుంది. ఇప్పుడు తొడుగు వేసే పనిలోనే ఉన్నాం అని చెప్పే ఒక ఫ్లాగ్ పెట్టి ఆపుకోవాలి. రెయిల్స్‌లో చాలాకాలం నడిచిన ఏలియాస్ మెథడ్ చైన్ కూడా ఈ మారుపేర్ల బాపతే. 5.0లో వద్దన్నారు, 5.1లో తీసేశారు.

2013 ఫిబ్రవరిలో రూబీ 2.0తో ప్రిపెండ్ వచ్చాక మారుపేర్ల అవసరం పోయింది. ప్రిపెండ్ ఒక మాడ్యూల్‌ని క్లాసుకి ముందు నిలబెడుతుంది. మెథడ్‌ని వెతికేటప్పుడు రూబీ ముందు ఆ మాడ్యూల్‌లోనే చూస్తుంది, అక్కడ దొరికినదాన్ని నడుపుతుంది, అందులో సూపర్ అని ఉంటే అప్పుడు క్లాసులోని అసలు మెథడ్‌కి వెళ్తుంది. కాబట్టి హుక్‌కి పేరు అందగానే అదే పేరుతో మాడ్యూల్‌లో ఒక మెథడ్ పుట్టించండి: మొదటి లైను తనిఖీ, రెండో లైను సూపర్. మాడ్యూల్‌లో పుట్టినదానికి క్లాసు హుక్ నడవదు, కాబట్టి ఫ్లాగ్ అక్కర్లేదు. రెండు చోట్ల మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. డిఫైన్ మెథడ్‌తో పుట్టించిన మెథడ్‌లో ఒట్టి సూపర్ చెల్లదు, ఆర్గ్యుమెంట్లు విడిగా రాయాలి. రాసేటప్పుడు మామూలు ఆర్గ్యుమెంట్లు, కీవర్డ్ ఆర్గ్యుమెంట్లు, బ్లాక్ మూడూ దాటించాలి. 2020 డిసెంబర్‌లో రూబీ 3.0 కీవర్డ్ ఆర్గ్యుమెంట్లని వేరు చేసింది, దాంతో ఒక్క నక్షత్రం పెట్టి ఊరుకున్న తొడుగులు విరిగిపోయాయి.

ఇక్కడ ప్రైవేట్ మెథడ్ల ప్రశ్న వస్తుంది. ప్రైవేట్ అన్న మాటని డెఫ్ ముందే, అదే లైనులో రాసే అలవాటు చాలామందికి ఉంది. అలా రాస్తే ముందు డెఫ్ పూర్తవుతుంది, హుక్ నడుస్తుంది, ఆ తర్వాతే ప్రైవేట్ ముద్ర పడుతుంది. హుక్ చూసేసరికి మెథడ్ ఇంకా పబ్లిక్. మీ మాడ్యూల్‌లో పుట్టే తొడుగూ పబ్లిక్‌గానే పుడుతుంది, బయటివాళ్ళు పిలిస్తే పలుకుతుంది. దీన్ని సరిదిద్దడానికి తిప్పలు పడేవాళ్ళని చూస్తే నాకు జాలి వేస్తుంది. తలుపు దగ్గర కాపలా ఉన్నప్పుడు లోపల గదులకి తాళాలెందుకు? క్లాసులోంచి ప్రైవేట్ అన్న మాటే తీసేయండి. ప్రతి పిలుపూ తనిఖీ దాటే వస్తుంది, ఆ హామీ ఏ ప్రైవేట్ ముద్రా ఇవ్వలేదు.

మినహాయింపుల విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. రెయిల్స్ కంట్రోలర్లలో బిఫోర్ యాక్షన్ అందరికీ తెలిసిందే, 4.0 దాకా దాన్ని బిఫోర్ ఫిల్టర్ అనేవాళ్ళు. దానికి ఓన్లీ, ఎక్సెప్ట్ అని రెండు పక్కవాకిళ్ళు పెట్టారు. ఫలానా యాక్షన్లకే వర్తించు, ఫలానా వాటిని వదిలేయ్ అని పేర్లు రాయవచ్చు. అది చాలదని, పైక్లాసులో పెట్టిన కాపలాని కిందిక్లాసు తీసేసుకోవడానికి స్కిప్ బిఫోర్ యాక్షన్ కూడా ఇచ్చారు. పేర్ల జాబితా రాసినచోట ఏం జరుగుతుందో చెప్పాలా? యాక్షన్ పేరు మారుస్తారు, జాబితాలో మార్చరు. ఓన్లీ జాబితాలో పాత పేరు పడి ఉంటుంది, కొత్త పేరుకి కాపలా ఉండదు, ఎక్కడా ఎర్రర్ రాదు. 2023లో వచ్చిన రెయిల్స్ 7.1లో, జాబితాలోని పేరుతో యాక్షన్ లేకపోతే ఎర్రర్ లేపే సెట్టింగ్ పెట్టారు. మంచిదే. కానీ అది వాకిలి మూయలేదు, వాకిలికి గంట కట్టింది. మీరు మూసేయండి. ఓన్లీ వద్దు, ఎక్సెప్ట్ వద్దు, స్కిప్ అసలే వద్దు.

మరి లాగిన్ పేజీ సంగతేమిటని అడుగుతారు. లాగిన్ కాని మనిషిని ఆపే తనిఖీ లాగిన్ పేజీ ముందు కూడా నడిస్తే ఎవరూ లాగిన్ కాలేరు. నిజం. అందువల్ల మినహాయింపు ఇవ్వాలనడం తొందరపాటు. లాగిన్ పేజీని ఈ అప్లికేషన్‌లోంచి తీసి, దానికి వేరే అప్లికేషన్, వేరే సర్వర్, వేరే రిపాజిటరీ పెట్టండి. ఖర్చు ఉంటుంది. ఒక్క మినహాయింపు ఇస్తే రేపు రెండోది అడుగుతారు, ఆ ఖర్చుతో పోలిస్తే ఇదేమంత ఎక్కువ కాదు.

కన్‌స్ట్రక్టర్ దగ్గర కూడా ఇదే పట్టు పట్టాలి. రూబీలో ఇనీషియలైజ్ కూడా మెథడే, హుక్‌కి చిక్కుతుంది. ఖాతా ఆబ్జెక్ట్ ఇంకా పుడుతోంది, సభ్యుడు ఎవరన్నది లోపల రాయలేదు, తనిఖీ మాత్రం ముందే నడిచి, సభ్యుడు లేడని నడిమధ్యన ఆపేస్తుంది. ఇక్కడే చాలామంది నీరుగారిపోయి ఇనీషియలైజ్‌ని వదిలేస్తారు. వదలకండి. సభ్యుడెవరన్నది ఆబ్జెక్ట్ పుట్టకముందే ఒక గ్లోబల్ వేరియబుల్‌లో పెట్టి ఉంచండి, తనిఖీ అక్కడి నుంచి చదువుకుంటుంది. ప్యూమా లాంటి సర్వర్ ఒకే ప్రాసెస్‌లో చాలా థ్రెడ్లు నడుపుతుంది, గ్లోబల్ వేరియబుల్ వాటన్నిటికీ ఒకటే, కాబట్టి ఒకరి రిక్వెస్టు నడుస్తుండగా ఇంకొకరి పేరు వచ్చి పడే ప్రమాదం ఉంది. దానికి విరుగుడు తేలిక: థ్రెడ్ల సంఖ్య ఒకటికి దించండి. ఒక్కొక్కరే వస్తారు, ఒక్కొక్కరినే చూస్తాం.

ఇక ఆ ముందు నడిచే కోడ్‌లో ఏముండాలి? అన్నీ ఉండాలి. ఒక హుక్ ఒక్క పనే చేయాలన్న మాట పుస్తకాల్లో బాగుంటుంది. నాలుగు చిన్న హుక్‌లు పెడితే వాటి మధ్య వరుస పుడుతుంది. రెయిల్స్‌లో బిఫోర్ యాక్షన్లు రాసిన క్రమంలో నడుస్తాయి, పైక్లాసువి ముందు, కిందిక్లాసువి తర్వాత. ఎవరో రెండు లైన్లు అటూ ఇటూ చేస్తే, ఖాతా తెచ్చే హుక్ కన్నా ముందే ఖాతాని తనిఖీ చేసే హుక్ నడుస్తుంది. ఒక్కటే ఉంటే వరుసన్న సమస్యే లేదు. సభ్యుడిని తేవడం, ఖాతా తేవడం, చిట్టీ గ్రూపు తేవడం, బకాయి లెక్కకట్టడం, భాష ఎంచుకోవడం, లాగ్ రాయడం, డేటాబేస్ ట్రాన్సాక్షన్ తెరవడం, అన్నీ ఆ ఒక్క మెథడ్‌లోనే పెట్టండి. తెచ్చినవన్నీ ఇన్‌స్టన్స్ వేరియబుళ్ళలో ఉంచండి. అప్పుడు అసలు మెథడ్లకి ఆర్గ్యుమెంట్లతో పని తగ్గిపోతుంది. వాయిదా కట్టే మెథడ్ రెండు లైన్లకి వస్తుంది: బకాయి చూడు, తగ్గించు. ఆ బకాయి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మెథడ్ చదివితే తెలియదు. వాయిదా కట్టేవాడికి అది తెలియాల్సిన అవసరం లేదు. నామినీ పేరు అడిగినా బకాయి లెక్క మొత్తం నడుస్తుంది కదా అంటే, నడవనివ్వండి. బకాయి ఎంతుందో తెలుసుకోవడం చిట్టీ వ్యాపారంలో ఎప్పుడూ వృథా కాదు.

లాగ్ దగ్గర ఒక జాగ్రత్త. లాగ్‌లో ఖాతా ఆబ్జెక్ట్‌ని రాయాలంటే రూబీ దాని ఇన్‌స్పెక్ట్ మెథడ్‌ని గానీ టు ఎస్ మెథడ్‌ని గానీ పిలుస్తుంది. మీ క్లాసులో అవి సొంతంగా రాసుకుని ఉంటే వాటికీ తొడుగు పడి ఉంటుంది. లాగ్ రాయబోతే ఇన్‌స్పెక్ట్, దాని ముందు తనిఖీ, ఆ తనిఖీలో మళ్ళీ లాగ్. సిస్టమ్ స్టాక్ ఎర్రర్‌తో పడిపోతుంది. ఇన్‌స్పెక్ట్‌ని వదిలేయమని సలహా ఇచ్చేవాళ్ళు ఎదురవుతారు. వినకండి. లాగ్‌లో ఆబ్జెక్ట్ రాయడం మానేసి, వచ్చారు అన్న ఒక్క మాట రాయండి. ఎవరు వచ్చారో తర్వాత వెతుక్కోవచ్చు.

టెస్టుల్లోనూ ఇదే పాటించండి. 1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్తూ విమానంలో జేయూనిట్‌ని మొదలుపెట్టారు. అందులో ప్రతి టెస్ట్ మెథడ్‌కి ముందూ సెటప్ నడుస్తుంది. 2006లో వచ్చిన జేయూనిట్ 4లో అదే బిఫోర్, 2017లో వచ్చిన 5లో బిఫోర్ ఈచ్. ప్రపంచంలో ఎంతమంది రోజూ వాడుతున్నారో చూడండి. డాట్‌నెట్ వైపు జిమ్ న్యూకిర్క్, బ్రాడ్ విల్సన్ మాత్రం ఎక్స్‌యూనిట్ కట్టినప్పుడు సెటప్‌ని తీసేసి, కన్‌స్ట్రక్టర్‌లో రాసుకోమన్నారు. ఎన్‌యూనిట్ కట్టినవాళ్ళలో న్యూకిర్క్ ఒకరు. టెస్ట్ చదివేవాళ్ళు దానికి ఏం కావాలో తెలుసుకోవడానికి పైకీ కిందికీ తిరగాల్సి వస్తోందన్నది ఆయన బాధ. ఆ బాధ నిజమైనదే, కానీ ఆయన తప్పు వైపు తిరిగాడు. తిరగకుండా ఉండాలంటే సెటప్‌ని పెంచాలి. ఏ టెస్టుకైనా సరిపోయేలా అందులో పాతిక ఖాతాలు, పది చిట్టీ గ్రూపులు, పాట పాడినవాళ్ళు, పాడనివాళ్ళు, బకాయి పడ్డవాళ్ళు అందరినీ పుట్టించండి. అప్పుడు ఎవరూ ఏమీ వెతకరు, అన్నీ ఉంటాయని తెలుసు కాబట్టి. టెస్టులు నెమ్మదిస్తాయి. రాత్రి పూట నడపండి.

ఇప్పుడు శ్రీవారి మెట్టు దారులు. జావాలో స్ప్రింగ్ వాడేవాళ్ళు తప్పకుండా తెలుసుకోవలసిన దారి ఒకటుంది. స్ప్రింగ్ మామూలుగా మీ ఆబ్జెక్ట్ ముందు ఒక ప్రాక్సీని నిలబెడుతుంది. బయటి పిలుపులు ప్రాక్సీ మీదుగా వస్తాయి కాబట్టి ముందు నడవాల్సింది నడుస్తుంది. అదే క్లాసులో ఒక మెథడ్ దిస్ అంటూ తన పక్క మెథడ్‌ని పిలిస్తే ఆ పిలుపు ప్రాక్సీని తాకదు. ట్రాన్సాక్షనల్ అని మెథడ్ నెత్తిన రాసి ఉన్నా ట్రాన్సాక్షన్ తెరుచుకోదు. ఫైనల్ మెథడ్ మీదా, ప్రైవేట్ మెథడ్ మీదా ప్రాక్సీకి అధికారం లేదు. ఎన్ని ప్రాజెక్టుల్లో ఎంతమంది దీని మీద రాత్రిళ్ళు తగలేశారో. మందు యాస్పెక్ట్‌జేలో ఉంది: అది ప్రాక్సీ పెట్టదు, క్లాసు బైట్‌కోడ్‌లోనే తనిఖీని నేసేస్తుంది. క్లాసు లోడయ్యే సమయంలో నేసే వీలూ ఉంది. లోపలి పిలుపులూ చిక్కుతాయి. బిల్డ్ సంక్లిష్టమవుతుందని వెనకాడకండి.

పైథాన్‌లో గెట్ ఆట్రిబ్యూట్ అనే ప్రత్యేక మెథడ్ రాస్తే ఆబ్జెక్ట్‌లో ఏది అడిగినా అది ముందు నడుస్తుంది, వేరియబుల్ చదివినా సరే. దాని లోపల సెల్ఫ్ డాట్ అని ఏది ముట్టుకున్నా మళ్ళీ అదే నడుస్తుంది, అందుకని ఆబ్జెక్ట్ క్లాసులోని అసలుదాన్ని పిలవాలి. ఇంత చేసినా లెన్ లాంటి బిల్టిన్‌కి చిక్కదు. లెన్ వెతికేది ఆబ్జెక్ట్‌లో కాదు, నేరుగా దాని టైప్‌లో. కాబట్టి అలాంటి ప్రత్యేక మెథడ్లు రాయడమే మానండి. చిట్టీ గ్రూపులో ఎంతమందో కావాలంటే సభ్యుల సంఖ్య అని ఒక మామూలు మెథడ్ రాసుకోండి. అసింక్ మెథడ్లూ అంతే. మామూలు తొడుగు వేస్తే తనిఖీ పిలిచిన క్షణంలో నడుస్తుంది, అసలు పని అవెయిట్ చేసినప్పుడు ఎప్పుడో మొదలవుతుంది, ఈలోగా చిట్టీ ముగిసిపోయినా ముగియవచ్చు. అసింక్ మానేయండి.

కొత్తగా టీములో చేరినవాళ్ళకి ఈ ఏర్పాటు గురించి చెప్పాలా అని ఒక లీడ్ అడిగారు. అక్కర్లేదన్నాను. చెబితేనే పనిచేసేదైతే అది మళ్ళీ మనిషి జ్ఞాపకం మీద ఆధారపడినట్టే. వాళ్ళు రెండు లైన్ల మెథడ్ రాస్తారు, అది డేటాబేస్‌ని ఆరుసార్లు అడుగుతుంది, ఎందుకని వెతుకుతారు, వెతికి కనుక్కుంటారు. అలా కనుక్కున్న విషయం డాక్యుమెంట్‌లో చదివినదానికన్నా బాగా గుర్తుంటుంది. ఎర్రర్ వచ్చినప్పుడు స్టాక్ ట్రేస్ రెండింతలు పొడుగ్గా ఉంటుంది, ప్రతి అసలు మెథడ్‌కీ పైన ఒక తొడుగు కనిపిస్తుంది. చదవడం అలవాటవుతుంది. టిమ్ పీటర్స్ రాసిన పైథాన్ సూత్రాల్లో రెండోదాన్ని, దాచి ఉంచినదానికన్నా పైకి చెప్పినదే మేలన్నదాన్ని, తెచ్చి నా ముందు పెట్టేవాళ్ళకి నా జవాబు: పైకి కనిపించే లైనుని నమ్ముకునే కదా ఆ స్టేట్‌మెంట్ బయటికి పోయింది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, డబ్బు ముట్టుకునే క్లాసుతో మొదలుపెట్టండి. తర్వాత మనుషుల వివరాలుండే క్లాసులు, తర్వాత రిపోర్టులు. ఒక్కో క్లాసుకీ హుక్ రాసుకుంటూ పోవడం కూడా జ్ఞాపకం మీద ఆధారపడటమే కాబట్టి, చివరికి చేరాల్సింది ఆబ్జెక్ట్ క్లాసుకి. రూబీలో మీరు రాసే మామూలు క్లాసులన్నీ ఆబ్జెక్ట్ కింద పుట్టినవే, ఆబ్జెక్ట్ మీద మెథడ్ యాడెడ్ రాస్తే వాటన్నిటికీ సంక్రమిస్తుంది. మీరు రాసిన క్లాసులకే కాదు, తెచ్చుకున్న జెమ్‌లలోని క్లాసులకీ. తేదీలు ఫార్మాట్ చేసే జెమ్ కూడా చిట్టీ సభ్యుడెవరని అడుగుతుంది, అడగనివ్వండి. హుక్ తన తర్వాత నిర్వచించిన మెథడ్లనే పట్టుకుంటుంది, ముందే లోడైనవాటిని వదిలేస్తుంది. అందుకని ఆ ఫైలుని జెమ్‌లన్నిటికన్నా ముందు, బూట్ ఫైలులో మొట్టమొదటి రిక్వైర్‌గా పెట్టండి.